అమ్మకి స్నానం, నాన్నకి స్నానం

నిద్ర అన్న మాట వాడొద్దని ముందే చెప్పాలనుకున్నాను, కానీ మత్తు డాక్టరు అప్పటికే అనేశాడు. చిన్న నిద్ర తల్లీ, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది అని మాస్కు వెనకనుంచి నవ్వాడు. ఆయన తప్పేముంది, రోజూ ఎంతమంది పిల్లలకు చెబుతాడో ఆ మాట, చెవి దగ్గర చీమ ఉంది కదలకు అని నా సెలూన్‌లో నేను చెప్పినట్టు. ఇంకేముంది, నా కూతురు గింజ ఆ మంచం మీదనుంచి దూకి నా మెడకు చుట్టుకుంటుంది, ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంది అనుకుని రెండు చేతులూ చాపి సిద్ధంగా నిలబడ్డాను. అది కదల్లేదు. పిల్లి బొమ్మలున్న ఆసుపత్రి గౌనులో, కాళ్ళు ఊపుకుంటూ, వాచిన పెదవితో నావైపు వంగి, రహస్యాలకని దాచుకున్న గొంతుతో, "డాక్టరమ్మ లోపల అమ్మని లేపుతుంది కదా నాన్నా?" అంది. నేను తల ఊపాను. ఊపానా? ఊపాను. మంచానికి చక్రాలున్నాయి, అది కదిలింది, తలుపులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుని మూసుకున్నాయి, నా చేతులు ఇంకా అలాగే చాపి ఉన్నాయి.

ఈ వరండాలో కుర్చీలన్నీ ఒకే ఇనప కడ్డీకి బిగించారు. చివరాయన దగ్గినా మనం ఊగుతాం. పక్కన మా అక్క కూర్చుని ఉంది, ఒళ్ళో ఉతికిన గింజ గౌను, దాని మీద ఒక రుమాలు, రుమాలు మీద రెండు చేతులూ. రాత్రినుంచి గింజ ఏమీ తినకూడదన్నారని తనూ తినలేదు. ఎదురుగా కూర్చున్నాయన క్రాపు ఎవరో హడావిడిగా కొట్టారు, ఎడమ చెవి మీద మెట్టు పడింది. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు తలకాయల మీదే వాలతాయి. సెలూన్ పెట్టిన కొత్తలో నా భార్య ఏడిపించేది, పెళ్ళిచూపుల్లో నువ్వు నా మొహం చూడలేదు, జడ కొసలు చిట్లాయేమో చూశావు అని. నిజమే చూశాను. చిట్లలేదు. మళ్ళీ చూడటానికి ఆ జడ లేదు. లోపలినుంచి సన్నగా మిషను మోత వస్తోంది, నా ట్రిమ్మరు మోతలాగే, ఇంకాస్త పదునుగా. ఆ మోత వింటే పిల్లలు మెడలు లోపలికి లాక్కుంటారు, నాకు తెలుసు, పెద్ద కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి వాళ్ళని కూర్చోబెట్టేది నేనే కదా. పిల్లల కటింగంటే సగం కత్తెర, సగం అబద్ధాలు. అద్దంలో పిల్లి వచ్చింది చూడు, అదిగో మీ నాన్న చాక్లెట్ తెస్తున్నాడు, అయిపోయింది ఇంకొక్కటే. ఆ ఇంకొక్కటి ఎన్నిసార్లు చెబుతానో నాకే లెక్కలేదు. నా నోట్లో అబద్ధం అంత నున్నగా జారుతుంది. అందుకే తల ఊగిపోయింది. లేపుతుంది కదా నాన్నా అంటే, ఊగిపోయింది.

వరండా చివర కొళాయి సరిగ్గా కట్టెయ్యలేదు ఎవరో. చుక్క, చుక్క, చుక్క. మా స్నానాలగదిలో కొళాయి కూడా అలాగే కారేది, ఆ చుక్కల తాళానికే నా భార్య గింజ పళ్ళు తోమేది. గోడకు ఆనుకుని కింద కూర్చుని, పిల్ల తలని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, పైనుంచి నోట్లోకి చూస్తూ. ఎదురుగా నిలబడి తోమితే నీకు గోడకి సున్నం వేసినట్టే ఉంటుంది, ఇలా చూస్తే అన్నీ కనబడతాయి అనేది. ప్రతి పన్నుకీ ఒక పేరు పెట్టింది. పై వరసలో నడిమధ్య రెండూ అమ్మా నాన్నా, అమ్మ పక్కన అమ్మమ్మ, నాన్న పక్కన మేనత్త, అంటే ఇదిగో ఈ మా అక్క. వెనక దవడ పళ్ళు లావుగా ఉంటాయని వాటికి మా షాపుకొచ్చే పెద్దమనుషుల పేర్లు. అమ్మకి స్నానం, నాన్నకి స్నానం, అమ్మమ్మకి స్నానం, అత్తకి వీపు రుద్దు, అని పాడుతూ బఠాణీ గింజంత పేస్టుతో తోమేది. పిల్ల నోరు తెరుచుకునే నవ్వేది, నవ్వితే నురగ కారేది. నాన్నకి ఇవాళ స్నానం అయిందా అని నేను గుమ్మంలోంచి అడిగితే, నాన్న దగ్గర తలనూనె వాసనొస్తోంది, ఇంకోసారి రుద్దాలి అనేది తను. నాకా ఇల్లు, ఆ తడి నేల, ఆ కొళాయి, అన్నీ ఎప్పుడూ ఉండేవే అనిపించేది. కొళాయి బాగుచేయించమని ఎన్నిసార్లు చెప్పిందో. చేయించాను, తను పోయాక.

పొయ్యి దగ్గర నిలబడినదల్లా తలలో ఏదో అయినట్టుంది అని కూర్చుంది. అంతే. ఆసుపత్రిలో, తలలో రక్తనాళం చిట్లిందన్నారు. నా పని తలకాయలతోనే, ఎన్ని వేల తలలు నా చేతుల కింద తిరిగాయి, నా ఇంట్లో ఉన్న తల లోపల ఏముందో నాకు తెలియలేదు. సాయంత్రానికి హాల్లో చాప మీద పడుకోబెట్టారు. పక్కింట్లో ఆడుకుంటున్న గింజని ఎవరో తీసుకొచ్చారు. అప్పటికి దానికి మూడేళ్ళు. గుమ్మంలో నిలబడి అంతమందినీ చూసి, అమ్మని చూసి, ఎందుకు అందరూ ఏడుస్తున్నారు అని కాదు, అమ్మ ఎందుకు పడుకుంది అని అడిగింది. మా అక్కే దాన్ని దగ్గరకు తీసుకుని, "అమ్మ నిద్రపోతోందమ్మా, లేపకు" అంది. ఇంకెవరన్నా అదే అనేవాళ్ళు, అక్క గొంతు పెగిలింది కాబట్టి అక్క అంది. నేను కాదనలేదు. ఆ క్షణాన ఎవరో నా నెత్తిన గొడుగు పట్టినట్టనిపించింది కూడా. అప్పుడు గింజ ఏం చేసిందంటే, మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి, పెదాల మీద వేలు పెట్టి, ష్, అమ్మ లేస్తుంది, ష్, అంది. అందరూ నిజంగానే ఏడుపు ఆపారు. నేనూ ఆపాను. అప్పుడు ఆపింది ఇప్పటిదాకా మొదలుపెట్టలేదు.

ఆ తరవాత పిల్ల నిద్రపోదే. కళ్ళు మూతలు పడుతుంటే ఉలిక్కిపడి లేచి కూర్చునేది, నేను లేస్తానా నాన్నా అనేది. లేస్తావు తల్లీ. అమ్మ లేవలేదుగా. దీనికేం చెప్పాలి? అక్కే ఒకరోజు పంచదార కలిపిన పాలు సీసాలో పోసి నోటికిచ్చింది, ఎప్పుడో మానేసిన సీసా, అటకమీదనుంచి తీసి. అది చీకుతూ చీకుతూ పిల్ల రెప్పలు వాల్చింది. మాకు దేవుడు కనబడ్డట్టయింది. సీసా పెదాలమీదే ఉండేది, లాగితే లేస్తుందని లాగేవాళ్ళం కాదు, లేచి కూర్చుంటే మళ్ళీ అదే ప్రశ్న. అలా అది పాలు నోట్లో పెట్టుకునే నిద్రపోయేది, మేమిద్దరం చెరోవైపూ కూర్చుని దాని ఊపిరి వినేవాళ్ళం. మూడేళ్ళ పిల్లకి సీసా ఏమిటర్రా అని ఇరుగుపొరుగు అంటే అక్క పాముల్లే లేచేది, తల్లి లేని పిల్లకి ఆ సుఖం కూడా వద్దా అని. అందులో మా ఇద్దరికీ కూడా సుఖం ఉంది, ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

తోమటం మాత్రం నేను మానలేదు. తను చేసినట్టే, గోడకు ఆనుకుని, తల ఒళ్ళో పెట్టుకుని. మొదటిరోజు అమ్మకి స్నానం అని నేను బ్రష్షు ఆనించగానే గింజ చప్పున నోరు మూసేసింది. పళ్ళు బ్రష్షుని పట్టేసుకున్నాయి. ఏమైంది అంటే, బ్రష్షు పక్కకు తోసి, అమ్మ నిద్రపోతోంది నాన్నా, లేపకు అంది. అక్క మాటే, అక్క గొంతుతోనే. బతిమాలితే కన్నీళ్ళు, కోప్పడితే పెదాలు బిగింపు. సరేలే, ఒక్క పన్నే కదా, పాలపన్నే కదా అనుకున్నాను. ఆ రోజునుంచి మా ఇంట్లో అమ్మకి తప్ప అందరికీ స్నానం. నాన్నకి కూడా సరిగ్గా కాదు, అమ్మకి తగులుతుందని ఆ పక్కంతా వదిలేయాలి. చెబితే నవ్వుతారు, ఒక్కోరోజు అదే బాగుందనిపించేది నాకు. ఈ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట తను నిద్రపోతున్నట్టు, మేమిద్దరం చప్పుడు చెయ్యకుండా చుట్టూ తిరుగుతున్నట్టు. కొన్నాళ్ళకి ఆ పన్ను మీద సున్నంలాంటి తెల్లగీత పడింది, తరవాత పసుపు, తరవాత గోధుమరంగు, నేను చూస్తూనే ఉన్నాను, తల మీద ఒక్క తెల్లవెంట్రుకని చూసి చెప్పగలిగే కళ్ళతో.

చక్రాల బండి ఒకటి మా ముందునుంచి వెళ్ళింది, ఖాళీది. అక్క ఉలిక్కిపడి రుమాలు సర్దుకుంది. తుమ్మెద గుర్తొస్తోంది నాకు, ఎందుకో. మొన్నీమధ్య సెలూన్‌లో, అద్దం కింద అలమరలో, పౌడరు డబ్బా వెనక ఒక తుమ్మెద పడి ఉంది, నల్లగా నిగనిగలాడుతూ, కాళ్ళు పైకి. గింజ చెక్క మీద కూర్చుని ఉంది, ముందు జుట్టు కత్తిరిస్తున్నాను. దువ్వెనతో దాన్ని తట్టింది. మళ్ళీ తట్టింది. నేను అలవాటుకొద్దీ, నిద్రపోతున్నట్టుంది లేమ్మా అన్నాను. గింజ నావైపు అద్దంలోంచి చూసింది. "కాదు నాన్నా, చచ్చిపోయింది. చచ్చిపోతే లేవదు" అంది, నాకు తెలియదేమోనని నెమ్మదిగా, విడమర్చి. దాన్ని కాగితంలో చుట్టి బయట కుండీలో పెట్టొచ్చింది. చేతులు కడుక్కుంది. నేను కత్తెర గాల్లో పట్టుకుని అలాగే ఉన్నాను, గడ్డానికి సబ్బు పూసుకున్న ఆయన, ఏమయ్యా నేనున్నానా పోయానా అని అరిచేదాకా. తుమ్మెద సంగతి దానికి తెలుసు. అమ్మ సంగతే తెలియదు, ఎందుకంటే అది మేం చెప్పిన సంగతి.

తరవాత పెదవి వాచింది. ఒక పొద్దున లేచేసరికి ముక్కు కిందనుంచి కంటిదాకా, మొహం నా మొహంలా లేదు నాన్నా అని అదే అంది. చిగురు మీద చీముబుడ్డ. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవే, దానికింత గొడవెందుకు అని అక్క అంటూనే ఉంది, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పళ్ళ డాక్టరమ్మది నెరిసిన పొట్టి జుట్టు, చక్కగా కత్తిరించుకుంది, ఎవరి దగ్గరో అడగాలనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సీసా సంగతి అడిగింది, చెప్పాను. రాత్రంతా పాలు పైపళ్ళ చుట్టూ మడుగు కడతాయండీ, కింది పళ్ళకి నాలుక కాపలా ఉంటుంది, పైవాటికి ఎవరూ ఉండరు అంది. పాలపళ్ళు వెనక వచ్చే పళ్ళకి చోటు ఆపి ఉంచుతాయట, సీటు మీద సంచి పెట్టినట్టు. సంచి తీసేస్తే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఇష్టం వచ్చినట్టు కూర్చోవచ్చు. నాకు అక్క గుర్తొచ్చింది, పిల్లకి ఓ అమ్మ కావాలిరా, ఎన్నాళ్ళిలా అని అప్పుడప్పుడూ అంటుంది, మంచికే అంటుంది. మూడు తీసేయాలి, చిన్నపిల్ల కాబట్టి మత్తిచ్చి ఒకేసారి చేసేద్దాం అంది డాక్టరమ్మ. చిన్న అద్దం లోపల తిప్పుతూ, "ఇదొక్కటీ ఇంత దారుణంగా ఎందుకు పోయింది? పక్కదానికింకా కొంచెం ప్రాణం ఉంది" అంది. అది అమ్మ అండీ అని ఎలా చెప్పను? ఆ పక్కది ఉంచటానికి వీలవుతుందా అని మాత్రం అడిగాను. మొదలు గట్టిగా ఉంటే తొడుగు వేస్తాను, లోపల చూశాకే చెప్పగలను అంది. ఎందుకడిగానో ఆమెకి తెలియదు. అమ్మ, అమ్మమ్మ, అత్త పోతారు. నాన్న సంగతి లోపల చూశాక.

మిషను మోత ఆగింది. మళ్ళీ మొదలైంది. పోయినసారి ఇలాంటి వరండాలోనే కూర్చున్నాను, ఇలాంటి తలుపు వెనకాలే తను. ఒకాయన బయటికొచ్చి చేతులు కట్టుకున్నాడు, ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. మత్తులోంచి అందరూ లేస్తారు. లేస్తారండీ, పిల్లలు ఇంకా తొందరగా లేస్తారు అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. లేస్తుంది. లేచి ఏమంటుంది? గుమ్మంవైపు చూస్తుంది. అమ్మ కోసం అన్నం నీళ్ళు మాని, సూదికి చెయ్యి చాపి, ముసుగులోంచి గాలి పీల్చి, నిద్రంటే హడలిపోయే పిల్ల తనంతట తను నిద్రలోకి నడిచి వెళ్ళింది, ఆ పన్ను కదిపితే అమ్మ లేస్తుందని, అమ్మని లేపుకొస్తారని. ఇంతకన్నా మోసం ఉంటుందా? ఏం చెప్పను? నక్షత్రమైపోయిందంటే నిచ్చెన వెయ్యమంటుంది. దేవుడి దగ్గరుందంటే ఏ వీధి అంటుంది. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది, నేను పైకే అనేశానేమో తెలియదు.

"ఊరెళ్ళిందని చెప్పరా. ఇంకాస్త పెద్దదయ్యాక చూద్దాంలే" అంది.

"ఏ ఊరక్కా?"

అక్క రుమాలు విప్పింది, మళ్ళీ మడిచింది. నేనే కదరా ఆ మాట అన్నది అని, నేలకేసి చూస్తూ అంది. అక్కా, అంతమందిలో ఆ పిల్లని ఎత్తుకుంది నువ్వొక్కదానివే అన్నాను. మేమిద్దరం ఆ ఇనప కడ్డీ మీద కలిసి ఊగుతూ కూర్చున్నాం, ఎదురుగా ఆ మెట్టు పడిన క్రాపు ఆయన కునికిపాట్లు పడుతున్నాడు, ఆయన్ని ఒక్క రెండు నిమిషాలు నాకప్పగిస్తే సరిచేసి పంపేవాణ్ణి. కొన్ని సరవుతాయి. కత్తెర తప్పితే జుట్టు మళ్ళీ పెరుగుతుంది, మా పనిలో ఉన్న హాయి అదొక్కటే. పళ్ళు కూడా మళ్ళీ వస్తాయన్నారు, కానీ అవి వాళ్ళమ్మ ఎరగని పళ్ళు. పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే తయారవటం మొదలుపెడతాయట, డాక్టరమ్మ మాటల్లో మాటగా చెప్పింది. లోపల ఇప్పుడు తీస్తున్నవి తను చేసినవి. తను కొంచెం కొంచెంగా అన్నం తిని, పాలు తాగి, వేవిళ్ళతో గోడపట్టుకుని నిలబడి చేసినవి. రావయ్యా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి అని నవ్వేది, పొట్ట మీద నా చెయ్యి పెట్టుకుని.

తలుపు తెరుచుకుంది. పాప లేస్తోంది, ఒక్కరే రండి అంది నర్సు. అక్క గౌను నా చేతిలో పెట్టింది.

తెల్లదుప్పటి కింద గింజ ఇంకా చిన్నదైపోయింది. పెదవి మీద ఎండిన రక్తపు చారలు, నోట్లో గాజుగుడ్డ, నర్సు తీసి కొత్తది పెట్టబోతే చేత్తో ఆపింది. కళ్ళు తెరిచింది, నన్ను చూసింది, కానీ ముందు నాతో మాట్లాడలేదు. నాలుక నెమ్మదిగా బయలుదేరింది. పెదవి కింద అది తిరగటం నాకు పైనుంచి కనబడుతోంది, చీకట్లో గది తడుముకుంటున్నట్టు. ఒకచోట ఆగింది. వేలు పెట్టి చూసుకుంది.

"నాన్న ఒక్కడే ఉన్నాడు" అంది, గాలి మాటలతో, కొత్త సందులోంచి.

అవునమ్మా, డాక్టరమ్మ నాన్నకి తొడుగు వేసింది అన్నాను. గింజ తల తిప్పి నా వెనక తలుపుని చూసింది, దుప్పటి కింద వెతికింది, మళ్ళీ తలుపుని చూసింది. అమ్మ లేచిందా అని అడిగింది. నా నోట్లో ఎన్నో మాటలు వరస కట్టాయి, అన్నీ నున్ననివే, అద్దంలో పిల్లిలాంటివి. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను, దాని మొహం పక్కన నా మొహం పెట్టాను.

"లేదు తల్లీ. అమ్మ నిద్రపోలేదు. మేం నీకు తప్పు చెప్పాం. అమ్మ చచ్చిపోయింది."

అది నన్ను చూసింది. అద్దంలోంచి చూసినట్టే.

"తుమ్మెదలాగానా?"

"అవును. తుమ్మెదలాగా."

ఇక లేవదా అని అడగలేదు, దానికి తెలుసు, తనే నాకు చెప్పింది. మొహం ముందు గడ్డం దగ్గర కదిలింది, తరవాత పెదవులు, తరవాత అంతా. నర్సు పరుగున వచ్చి, నొప్పేస్తోందా పాపకి, మందు ఇవ్వనా అంది. ఇది దానికి కాదమ్మా, ఏడవనివ్వండి అన్నాను, నా గొంతు నాకే వినబడలేదు, ఎందుకంటే నేనూ మొదలుపెట్టాను, చాప చుట్టూ ఆపేసిన దగ్గరినుంచి. ష్ అనేవాళ్ళు ఎవరూ లేరు. గింజ నా చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టుకుని, ఇన్నాళ్ళూ బ్రష్షుకి బిగించుకున్న నోటిని ఒక్కసారిగా అంతా తెరిచి, అమ్మా అని ఏడ్చింది. ఆ ఎర్రటి చిగుళ్ళలో, తెల్ల తొడుగుతో, నాన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు.